సొంత బ్లాగును ఫెడివర్స్‌కు కలపాలంటే ముందు ఇంటిపేరు తేల్చుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు చెన్నైలో ఉంటారు. ఈ ఊళ్లో తెలుగువాళ్లు వదిలిన జాడల గురించి నాలుగేళ్లుగా సొంత డొమైన్ మీద, వర్డ్‌ప్రెస్ బ్లాగులో రాస్తున్నారు. సోషల్ మీడియాలో లింకు పెడితే పదిమందికి కూడా కనబడటం లేదు. ఎవరో చెప్పగా, బ్లాగును ఫెడివర్స్‌కు (వేర్వేరు సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సోషల్ నెట్‌వర్క్‌కు) కలిపే యాక్టివిటీపబ్ ప్లగిన్ వేశారు. ఆ నెట్‌వర్క్‌లోని మాస్టడాన్‌లో వెతికితే మీ ప్రొఫైల్ వచ్చింది గానీ అందులో ఒక్క పోస్టూ లేదు. మీ స్నేహితురాలు ఫాలో నొక్కితే రిక్వెస్ట్ పంపినట్టు చూపించి రెండు రోజులుగా అక్కడే ఆగిపోయింది. ప్లగిన్ తీసేసి వేరే దారి చూసుకోవాలా అని అడిగారు.

తీసేయకండి. మీకు వచ్చిన రెండు ఇబ్బందులకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. పోస్టులు కనబడకపోవడం అసలు సమస్యే కాదు, అది అలాగే ఉంటుంది. ఫాలో ఆగిపోవడం మాత్రం నిజమైన సమస్య, దాని కారణం నూటికి తొంభై పాళ్లు మీ హోస్టింగ్‌లోనో, మీరు వేసుకున్న ఇంకో ప్లగిన్‌లోనో ఉంటుంది. రెండింటినీ విడివిడిగా చెబుతాను. కానీ వాటికంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. చాలామంది దాన్ని వదిలేసి తర్వాత బాధపడతారు, అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

ఫెడివర్స్‌లో మీ చిరునామాకు రెండు భాగాలు. మొదట మీ పేరు, తర్వాత మీ డొమైన్. మన పేర్లలాగే అనుకోండి. డొమైన్ ఇంటిపేరు, దాని ముందున్నది మనిషి పేరు. వేరే సర్వర్‌లో ఎవరైనా మీ చిరునామాను వెతికితే, ఆ సర్వర్ నేరుగా మీ డొమైన్ దగ్గరికి వచ్చి "ఈ ఇంట్లో ఈ పేరు గలవారు ఉన్నారా?" అని అడుగుతుంది. అలా అడిగే పద్ధతి పేరు వెబ్‌ఫింగర్, 2013 నుంచి ప్రామాణికంగా ఉంది. "ఉన్నారు, వాళ్ల వివరాలు ఫలానా చోట చూడు" అని మీ సైటు జవాబిస్తుంది. ఆ వివరాల్లో మీకు ఉత్తరాలు వేసే పెట్టె ఎక్కడుందో రాసి ఉంటుంది. దాన్ని ఇన్‌బాక్స్ అంటారు. ఆ తర్వాత సర్వర్ల మధ్య జరిగే మాటామంతీ అంతా యాక్టివిటీపబ్ అనే ప్రోటోకాల్‌లో సాగుతుంది. వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ దాన్ని 2018 జనవరి 23న ప్రమాణంగా ప్రకటించింది. మాస్టడాన్ 2016లోనే వచ్చినా, 2017 నుంచి ఈ భాషలోకి మారింది.

వర్డ్‌ప్రెస్‌కు ఈ భాష నేర్పింది మత్తియాస్ ఫెఫెర్లే అనే జర్మన్ డెవలపర్. ఆయన రాసిన ప్లగిన్‌ను 2023 మార్చిలో ఆటోమాటిక్ సంస్థ తీసుకుంది, ఆయన కూడా ఆ సంస్థలో చేరారు. ఆ ఏడాది సెప్టెంబరులో 1.0 వెర్షన్ వచ్చింది. అంటే మీరు వేసుకున్నది ఎవరో సరదాకి రాసి వదిలేసినది కాదు. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌ను నడిపించే వాళ్లే దాన్ని చూసుకుంటున్నారు. ఈ మాట ఎందుకంటే, "వేరే దారి చూసుకోవాలా" అని అడిగారు కాబట్టి. ఇదే సరైన ప్లగిన్.

ఇప్పుడు ఇంటిపేరు సంగతి. మీ సైటు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో తెరుచుకుంటోందా, లేకుండానా? ఏదో ఒకటి ఈరోజే ఖాయం చేసుకోండి. రెండోది దానికి దారి మళ్లేలా పెట్టండి. ఇంకో ఏడాదికి డొమైన్ మార్చే ఆలోచన ఉంటే ముందే మార్చేసి, ఆ తర్వాతే ఫాలోయర్లను పిలవండి. ఫాలోయర్లు మిమ్మల్ని గుర్తుపెట్టుకునేది ఆ చిరునామాతోనే. అది మారితే అవతలి సర్వర్లకు మీరు కొత్త మనిషి. పాతవాళ్లను కొత్త చిరునామాకు తరలించే పద్ధతి ఉంది గానీ, పాత డొమైన్ బతికి ఉండి, అన్నీ కుదిరితేనే అది పనిచేస్తుంది. డొమైన్ రెన్యువల్ మర్చిపోతే ఆ దారి కూడా మూసుకుపోతుంది. రెన్యువల్‌ను ఆటోమేటిక్ చేసి, అక్కడ ఇచ్చిన కార్డు గడువు ఎప్పుడు తీరుతుందో క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి.

తర్వాత మనిషి పేరు. ప్లగిన్ సెట్టింగ్స్‌లో మూడు దారులుంటాయి. రచయితల ప్రొఫైళ్లు మాత్రమే, బ్లాగు ప్రొఫైల్ మాత్రమే, లేదా రెండూ. రచయిత ప్రొఫైల్ పెట్టుకుంటే మీరు వర్డ్‌ప్రెస్‌లోకి లాగిన్ అయ్యే పేరే మీ చిరునామాలో మొదటి భాగం అవుతుంది. చాలామంది లాగిన్ పేరు అడ్మిన్ అని ఉంటుంది. లోకానికి అడ్మిన్‌గా పరిచయం కావడం ఒక ఇబ్బంది, లాగిన్ పేరు బయటపడటం ఇంకో ఇబ్బంది. మీరు ఒక్కరే రాస్తారు కాబట్టి బ్లాగు ప్రొఫైల్ మాత్రమే పెట్టుకోండి. దానికి మీకు నచ్చిన పేరు ఇవ్వొచ్చు. సైటులో ఇప్పటికే ఎవరికైనా ఉన్న యూజర్‌నేమ్‌ను మాత్రం అది ఒప్పుకోదు. రెండూ పెడితే ఒకే వ్యాసం రచయిత పేరున ఒకసారి, బ్లాగు పేరున షేర్ చేసినట్టు ఇంకోసారి వెళ్తుంది. ఒక్కరే రాసే సైటుకు ఆ గందరగోళం అక్కర్లేదు.

ఇక్కడ మన భాషకు సంబంధించిన మాట ఒకటి. చిరునామాలో పేరును తెలుగు లిపిలో పెట్టాలని నాకూ ఉండేది. మాస్టడాన్ చిరునామాల్లో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కిందిగీత, చుక్క లాంటివి మాత్రమే చెల్లుతాయి. తెలుగులో పెడితే మిమ్మల్ని ఎవరూ వెతికి పట్టుకోలేరు. చిరునామాను ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచి, పక్కన కనబడే పేరును, పరిచయాన్ని నిండుగా తెలుగులో రాసుకోండి. అక్కడ ఏ అడ్డూ లేదు.

పోస్టులు కనబడకపోవడం గురించి త్వరగా చెప్పేస్తాను. యాక్టివిటీపబ్‌లో పోస్టు అంటే పంపే ఉత్తరం. మీరు ప్రచురించిన క్షణాన మిమ్మల్ని ఫాలో అవుతున్న సర్వర్లకు మాత్రమే అది వెళ్తుంది. ప్లగిన్ వేయక ముందు రాసిన నాలుగేళ్ల వ్యాసాలు ఎవరికీ వెళ్లలేదు కాబట్టి అక్కడ ఎవరి దగ్గరా వాటి ప్రతి లేదు. అందుకే ప్రొఫైల్ ఖాళీగా ఉంది. మొదటి ఫాలోయర్ చేరాక మీరు వేసే మొదటి కొత్త పోస్టు నుంచి నిండుతుంది. ఏదైనా పాత వ్యాసం అక్కడ కావాలంటే, దాని లింకును కాపీ చేసి మాస్టడాన్ వెతుకు పెట్టెలో అతికించండి. ఆ ఒక్కదాన్ని ఆ సర్వర్ తెచ్చుకుంటుంది, అప్పుడు దాన్ని బూస్ట్ (తమ ఫాలోయర్లకు మళ్లీ పంచడం) చేయొచ్చు. పాతవన్నీ ఒకేసారి పంపాలని తేదీలు మార్చి మళ్లీ ప్రచురించే పని మాత్రం చేయకండి. కొత్తగా ఫాలో అయినవాళ్ల టైమ్‌లైన్ నిండా మీరే కనిపిస్తే, మొదటి రోజే అన్‌ఫాలో చేస్తారు.

అసలు సమస్యకు వద్దాం. మీ స్నేహితురాలు ఫాలో నొక్కగానే ఆవిడ సర్వర్ మీ ఇన్‌బాక్స్‌కు "ఈవిడ మిమ్మల్ని ఫాలో కావాలనుకుంటోంది" అని చీటీ పంపుతుంది. మీ ప్లగిన్ దాన్ని చదివి, సంతకం సరిచూసుకుని, "సరే" అని తిరుగు చీటీ పంపాలి. ఆ "సరే" అందేవరకు అవతల రిక్వెస్ట్ పెండింగ్ అనే చూపిస్తుంది. మీ విషయంలో చీటీ మీ దాకా రాలేదు, లేదా మీ జవాబు బయటికి పోలేదు. ప్రొఫైల్ కనబడుతోంది కాబట్టి వెబ్‌ఫింగర్ బాగానే ఉంది. అందుకే ఇన్‌బాక్స్ వైపు వెతకమంటున్నాను.

సరిగ్గా ఇదే నాకు జరిగింది. మూడు రాత్రులు పోయాయి. విరుగంబాక్కంలోని మా ఇంట్లో కూర్చుని ప్లగిన్‌ను ఐదుసార్లు తీసి పెట్టాను, థీమ్ మార్చాను, పీహెచ్‌పీ వెర్షన్ మార్చాను. హోస్టింగ్ వాళ్లకు ఫోన్ చేస్తే "మీ సైటు బాగానే తెరుచుకుంటోంది కదండీ" అన్నారు. వాళ్లన్నది నిజమే, బ్రౌజర్‌లో తెరుచుకుంటోంది. కానీ మాస్టడాన్ బ్రౌజర్ లాగా రాదు. అది ఇన్‌బాక్స్‌కు జేసన్ (ప్రోగ్రాములు చదువుకునే పద్ధతి) రూపంలో సమాచారాన్ని పంపుతుంది, ఆ రకం పేరు కూడా మామూలు వెబ్‌పేజీ రకం కాదు. సర్వర్ ముందున్న ఫైర్‌వాల్ దాన్ని దాడి అనుకుని 403 (అనుమతి లేదు) అని వెనక్కి తిప్పేస్తోంది. నాలుగో రోజు యాక్సెస్ లాగ్ (సైటుకు ఎవరెవరు వచ్చారో సర్వర్ రాసుకునే చిట్టా) తెరిచి చూస్తే వరసగా అవే 403లు. ఆ నాలుగు వరుసలను హోస్టింగ్ వాళ్లకు పంపితే అరగంటలో రూల్ సడలించారు, వెంటనే ఫాలో పనిచేసింది. మొదటి రోజే లాగ్ చూసి ఉంటే ఆ మూడు రాత్రులు నిద్రపోయేవాణ్ణి. అందుకే మీరు అక్కడి నుంచే మొదలుపెట్టండి. హోస్టింగ్ ప్యానెల్‌లో రా యాక్సెస్ లాగ్స్ అని ఉంటుంది. మీ స్నేహితురాలిని రిక్వెస్ట్ రద్దు చేసి మళ్లీ ఫాలో నొక్కమనండి. అదే నిమిషంలో లాగ్‌లో ఇన్‌బాక్స్ అన్న మాట ఉన్న వరుస వచ్చిందా, దాని పక్కన ఏ సంఖ్య ఉందో చూడండి. 200 లేదా 202 అయితే చీటీ చేరింది. 403, 406 అయితే ఎవరో అడ్డుకుంటున్నారు. 401 అయితే లాగిన్ లేనివాళ్లను ఏదో ఆపుతోందా, లేక సంతకం సరిపోలేదా అని చూడాలి. వరుసే లేకపోతే మీ సర్వర్‌కంటే ముందే, సైటు ముందు కాపలా ఉండే క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సర్వీసు దగ్గర ఆగిందన్నమాట. అక్కడ బాట్లను (తమంతట తామే సైట్లకు వచ్చే ప్రోగ్రాములను) ఆపే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, మీ ఇన్‌బాక్స్‌కు వచ్చే మంచి సర్వర్లు కూడా దానికి బాట్లలాగే కనిపిస్తాయి.

401 వస్తే సెక్యూరిటీ ప్లగిన్‌ను ముందుగా అనుమానించండి. వాటిలో చాలావాటికి, లాగిన్ కానివాళ్లకు రెస్ట్ ఏపీఐ (వేరే ప్రోగ్రాములు వర్డ్‌ప్రెస్‌తో మాట్లాడే దారి) మూసేయాలనే ఆప్షన్ ఉంటుంది. భద్రత కోసమని ఎవరో చెబితే మనం టిక్ పెట్టేసి మర్చిపోతాం. యాక్టివిటీపబ్ ప్లగిన్ ఇన్‌బాక్స్ ఉండేది ఆ రెస్ట్ ఏపీఐ లోపలే. తలుపు మూసి చుట్టాలు రాలేదని ఎదురుచూసినట్టు అవుతుంది. మొత్తం తెరవడం ఇష్టం లేకపోతే యాక్టివిటీపబ్ దారి ఒక్కటి మినహాయించే వీలు ఉందేమో చూడండి.

ఇంకో మామూలు కారణం పర్మాలింకులు, అంటే వ్యాసాల లింకులు ఏ రూపంలో ఉండాలో చెప్పే సెట్టింగ్. సెట్టింగ్స్‌లో అది ప్లెయిన్ అని ఉంటే ఈ ప్లగిన్ సరిగ్గా పనిచేయదు. పోస్ట్ నేమ్ అని పెట్టండి. మీ వర్డ్‌ప్రెస్ డొమైన్ మొదట్లో కాకుండా బ్లాగ్ అనే ఉప ఫోల్డర్‌లో ఉంటే వెబ్‌ఫింగర్ ప్రశ్న ఇంటి గుమ్మం దగ్గరికి వస్తుంది, మీరేమో పెరటి గదిలో ఉంటారు. గుమ్మం నుంచి గదికి దారి మళ్లించే ఒక వరుస హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌లో రాయాలి, ఆ వరుస ప్లగిన్ పేజీలోని ప్రశ్నోత్తరాల్లోనే ఉంది. మీకు ప్రొఫైల్ కనబడుతోంది కాబట్టి ఈ సమస్య లేదనుకుంటాను. టూల్స్‌లో సైట్ హెల్త్ అనే పేజీ ఉంది. ప్లగిన్ తన పరీక్షల ఫలితాలను అక్కడ రాసిపెడుతుంది. అది ఒకసారి చదవండి.

క్యాషింగ్ (తయారైన పేజీని దాచి, అడిగినవాళ్లకు అదే ఇవ్వడం) గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అది తెచ్చే ఇబ్బంది ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. మీ వ్యాసం లింకు ఒక్కటే. దాన్ని మనిషి తెరిస్తే అందమైన పేజీ ఇవ్వాలి, మాస్టడాన్ సర్వర్ అడిగితే అదే లింకు దగ్గర జేసన్ ఇవ్వాలి. ఎవరు అడుగుతున్నారో అభ్యర్థనలోని ఒక హెడర్ చెబుతుంది. క్యాష్ ప్లగిన్ ఆ హెడర్‌ను పట్టించుకోకపోతే, మొదట వచ్చినవాళ్లకు ఇచ్చినదాన్నే దాచి అందరికీ పంచుతుంది. అప్పుడు మాస్టడాన్‌కు పేజీ వెళ్తుంది, అది అర్థం కాక వదిలేస్తుంది. లేదా మీ పాఠకులకు తెర నిండా జేసన్ కోడ్ కనిపించి సైటు హ్యాక్ అయిందని ఫోన్ చేస్తారు. యాక్టివిటీపబ్ సెట్టింగ్స్‌లో వేరీ హెడర్ అనే ఆప్షన్ ఉంది, ఆన్ చేయండి. దాన్ని గౌరవించని క్యాష్ ప్లగిన్ అయితే మార్చేయడం మంచిది.

అలాగని క్యాష్ పూర్తిగా తీసేయకండి. మీ పోస్టును ఎక్కువమంది ఫాలోయర్లున్నవాళ్లు బూస్ట్ చేస్తే, వందల సర్వర్లు లింకు ప్రివ్యూ కోసం కొద్ది నిమిషాల్లో మీ సైటు తలుపు తడతాయి. ఒక్కో సర్వర్ విడిగా వచ్చి తెచ్చుకుంటుంది మరి. నెలకు వంద, రెండు వందల రూపాయల షేర్డ్ హోస్టింగ్ ఆ తాకిడికి తట్టుకోలేదు. క్యాష్ ఉంటే తట్టుకుంటుంది. మీ లాంటి రాతలకు ఆ రోజు తప్పకుండా వస్తుందని నాకు నమ్మకం, కాబట్టి ముందే సిద్ధంగా ఉండండి.

పోస్టు వేసి గంటలైనా వెళ్లకపోతే క్రాన్ (వేళకు పనులు చేయించే ఏర్పాటు) చూడాలి. వర్డ్‌ప్రెస్‌కు సొంత గడియారం లేదు. ఎవరైనా సైటుకు వచ్చినప్పుడే అది చేయాల్సిన పనులు గుర్తుచేసుకుని చేస్తుంది. చదివేవాళ్లు తక్కువున్న సైట్లలో, లేదా క్యాష్ బాగా పనిచేసే సైట్లలో, పంపాల్సిన పోస్టులు అలా వరుసలో కూర్చుని ఉంటాయి. హోస్టింగ్ ప్యానెల్‌లో క్రాన్ జాబ్ పెట్టి ప్రతి ఐదు నిమిషాలకు వర్డ్‌ప్రెస్ క్రాన్ ఫైల్‌ను పిలిచేలా చేయండి. నేను ఎవరి సైటు సర్దినా చేసే మొదటి పని ఇదే.

ఇప్పుడు తెలుగులో రాసేవాళ్లకు ఎదురయ్యే సంగతులు. వీటి గురించి ఇంగ్లీషు గైడ్లలో దొరకడం కష్టం.

మొదటిది భాష గుర్తు. ప్లగిన్ ప్రతి పోస్టుతో పాటు "ఇది ఫలానా భాష" అని సైటు భాషనే పంపుతుంది. చాలామంది డ్యాష్‌బోర్డ్ ఇంగ్లీషులో అలవాటని సైటు భాషను ఇంగ్లీషుగానే ఉంచేస్తారు. అప్పుడు మీ తెలుగు వ్యాసం ఇంగ్లీషు పోస్టుగా వెళ్తుంది. పబ్లిక్ టైమ్‌లైన్లలో తెలుగు మాత్రమే చాలని పెట్టుకున్నవాళ్లకు కనబడదు. వేరే భాషవాళ్లు అనువాదం బటన్ నొక్కాలన్నా అది తికమక పడుతుంది. జనరల్ సెట్టింగ్స్‌లో సైట్ లాంగ్వేజ్ తెలుగు అని మార్చండి. మీ యూజర్ ప్రొఫైల్‌లో భాషను ఇంగ్లీషుగా ఉంచుకుంటే డ్యాష్‌బోర్డ్ మీకు ఇంగ్లీషులోనే కనిపిస్తుంది.

రెండోది లింకులు. వర్డ్‌ప్రెస్ శీర్షిక నుంచి లింకు తయారుచేసేటప్పుడు 200 అక్షరాల హద్దు పెట్టుకుంటుంది. తెలుగులో ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు, ఒక్కో పొల్లు అందులో తొమ్మిదేసి స్థానాలు తింటాయి. అంటే దాదాపు 22 గుర్తులకే హద్దు వచ్చేస్తుంది. "మైలాపూరులో పొట్టి శ్రీరాములు స్మారక భవనం" అని మీరు శీర్షిక పెడితే లింకు "మైలాపూరులో పొట్టి శ్రీరా" దగ్గర తెగుతుంది. పైగా కాపీ చేసినప్పుడు శాతం గుర్తులతో గజం పొడవున కనిపిస్తుంది. శీర్షిక తెలుగులోనే ఉంచి, స్లగ్ (లింకు చివరి భాగం) మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు మాటలుగా, ప్రచురించక ముందే రాసుకోండి. పోస్టు బయటికి వెళ్లాక స్లగ్ జోలికి పోకండి.

మూడోది హ్యాష్‌ట్యాగులు. మాస్టడాన్‌లో రాసినవాళ్లు ఒప్పుకుంటేనే వాళ్ల పోస్టుల్లోని మాటలు వెతుకులాటలో దొరుకుతాయి. అందుకే కొత్తవాళ్లు మిమ్మల్ని కనుక్కునేది ఎక్కువగా ట్యాగుల ద్వారానే. మీరు వర్డ్‌ప్రెస్‌లో పెట్టిన ట్యాగులు హ్యాష్‌ట్యాగులుగా వెళ్తాయి. రెండు మాటల ట్యాగులో ఖాళీ పోతుంది కాబట్టి, తెలుగులో అది చదవడానికి ఇబ్బందిగా మారుతుంది. ఒక్క మాట ట్యాగులే పెట్టండి. ఇంకో జాగ్రత్త. యూనికోడ్ (కంప్యూటర్లలో లిపులకు వాడే ప్రమాణం) లెక్కలో మన తలకట్టు దీర్ఘాలు, కొమ్ములు, పొల్లు అక్షరాలు కావు, గుర్తులు. "అక్షరాలు తప్ప మిగతావన్నీ తీసేయి" అని రాసిన కోడ్ ఏదైనా ఉంటే తెలుగు అన్న మాట "తలగ" అయి కూర్చుంటుంది. మొదటి పోస్టు వెళ్లాక అవతల ట్యాగు గుణింతాలతో సహా వచ్చిందో లేదో కళ్లతో చూసుకోండి. రాలిపోయి వస్తే, తెలుగు అనే మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కూడా ఒక ట్యాగుగా పెట్టి, ప్లగిన్ వాళ్లకు ఆ తప్పు తెలియజేయండి. మన భాషలో వచ్చే తప్పులు మనం చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు.

పూర్తి వ్యాసం పంపాలా, సారాంశమూ లింకూ చాలా అని తర్వాత అడుగుతారు. నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను, పూర్తిగా పంపండి. మాస్టడాన్‌లో రాసేవాళ్లకు 500 అక్షరాల పరిమితి మామూలుగా ఉంటుంది గానీ, బయటి నుంచి వచ్చే పోస్టుకు అది వర్తించదు. పొడవైనది మడతపెట్టి, ఇంకా చదవండి అని చూపిస్తుంది. సారాంశం పంపితే సైటుకు నాలుగు క్లిక్కులు ఎక్కువ రావొచ్చు. కానీ మీ లెక్క క్లిక్కులు కాదు కదా. పొట్టి శ్రీరాములు గారు 1952లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి కన్నుమూసిన ఇల్లు మైలాపూరులో ఎక్కడుందో ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు తెలియదు. వావిళ్ల వారి పుస్తకాలు అచ్చయింది ఇక్కడేనని తెలియదు. ఆ సంగతి బస్సులో ఫోన్ చూసుకుంటున్న మనిషికి ఉన్నచోటే అందితే మీ పని జరిగినట్టే. పోస్టు రకాన్ని ఆర్టికల్ నుంచి నోట్‌కు మార్చుకునే వీలు ఉంటుంది. ఆర్టికల్ అని పంపితే చాలా మాస్టడాన్ సర్వర్లలో శీర్షిక, లింకు మాత్రమే కనిపించేవి. మీ స్నేహితురాలి తెర మీద ఏది బాగుందో చూసి ఎంచుకోండి. ఫోటోలకు ఆల్ట్ టెక్స్ట్ (ఫోటోలో ఏముందో చెప్పే మాటలు) తప్పక రాయండి. అది ఫోటోతో పాటు వెళ్తుంది, చూపు లేనివాళ్లు మీ పాత భవనాల ఫోటోలను దాని ద్వారానే తెలుసుకుంటారు.

నన్ను ఈ పద్ధతికి కట్టిపడేసింది మాత్రం కామెంట్లు. ఎవరో బెర్లిన్‌లోనో బెజవాడలోనో మాస్టడాన్‌లో మీ పోస్టుకు జవాబు రాస్తే, అది మీ వ్యాసం కింద కామెంటుగా వచ్చి చేరుతుంది. మీరు వర్డ్‌ప్రెస్‌లో లాగిన్ అయి దానికి జవాబిస్తే అది వాళ్లకు మాస్టడాన్‌లో చేరుతుంది. నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినులు ఉండేవి. ఉదయం కూడలి తెరిస్తే రాత్రి ఎవరెవరు ఏం రాశారో తెలిసేది, కామెంట్లలో చర్చలు రోజుల తరబడి సాగేవి. తర్వాత అందరూ పెద్ద వేదికలకు వెళ్లారు, చర్చలూ వాటితోనే వెళ్లాయి. ఆర్కుట్ 2014లో మూతపడింది. గూగుల్ ప్లస్ 2019లో పోయింది. బెంగళూరులో మొదలై, తెలుగులో రాసుకునే వీలిచ్చిన కూ 2024 జూలైలో ఆగిపోయింది. అక్కడి మాటలకు మన ఇంట్లో ప్రతి లేకపోయింది. ఇప్పుడు మాత్రం ఎక్కడ ఎవరు మాట్లాడినా, ఆ మాట మీ డేటాబేస్‌లో, మీ వ్యాసం కిందే ఉంటుంది. పదహారేళ్ల తర్వాత నా వ్యాసం కింద మళ్లీ ఇరవై కామెంట్ల చర్చ జరిగిన రోజున ఎంత సంతోషం కలిగిందో మాటల్లో చెప్పలేను.

కామెంట్లకు మొదటిసారి అనుమతి తప్పనిసరి చేయండి. స్పామ్ ఇటు నుంచి కూడా వస్తుంది. ఒక్కరిని గానీ, మొత్తం డొమైన్‌ను గానీ బ్లాక్ చేసే వీలు ఉంది.

ఒక హెచ్చరిక. పంపిన పోస్టును దిద్దితే దిద్దుబాటు వెళ్తుంది, తీసేస్తే తీసేయమనే సందేశం వెళ్తుంది. కానీ అవతలి సర్వర్ దాన్ని పాటిస్తుందని హామీ లేదు. ఆ సమయానికి అది పనిచేయకపోతే మీ పాత ప్రతి అక్కడే మిగిలిపోవచ్చు. మీరు పెద్దవాళ్లను కలిసి వాళ్ల కుటుంబ విషయాలు రాస్తుంటారు. వాళ్ల ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, చిన్నపిల్లల ఫోటోలు ఉన్న పోస్టు పంపే ముందు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఎడిటర్‌లో పక్కన ఫెడివర్స్ అనే భాగం ఉంటుంది, అందులో ఈ పోస్టును పంపవద్దు అని ఎంచుకోవచ్చు. అలాంటివి సైటులోనే ఉంచండి.

హోస్టింగ్ మారేటప్పుడు వర్డ్‌ప్రెస్ ఎక్స్‌పోర్ట్ ఫైల్ ఒక్కటే తీసుకెళ్తే సరిపోదు. మీ ప్రొఫైల్‌కు ఒక తాళాల జత ఉంటుంది, మీరు పంపే ప్రతి చీటీ మీద దానితోనే సంతకం పడుతుంది. అవి ఆ ఫైల్‌లో రావు. మొత్తం డేటాబేస్‌ను బ్యాకప్ తీసి, దాన్నే కొత్త చోట పెట్టండి. వేళచ్చేరిలో నా స్నేహితుడు ఒకరు ఇంట్లోనే చిన్న కంప్యూటర్ మీద సైటు నడిపేవారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు నీళ్లు, కరెంటు కోతతో సైటు ఆగిపోయింది. కంప్యూటర్ పాడైంది గానీ, డేటాబేస్ బ్యాకప్ వేరేచోట ఉండటంతో అదే డొమైన్ మీద తిరిగి లేచారు. ఫాలోయర్లలో ఒక్కరు కూడా పోలేదు. ఒక సర్వర్ వారం రోజులపాటు అందకపోతే మాస్టడాన్ దానికి పంపడం ఆపేస్తుంది. తిరిగి ఆ సర్వర్ నుంచి ఏదైనా వస్తే మళ్లీ మొదలుపెడుతుంది. కాబట్టి రెండు రోజులు సైటు పడిపోయిందని టెన్షన్ పడకండి.

బ్లూస్కై అనే ఇంకో సోషల్ నెట్‌వర్క్ వేరే ప్రోటోకాల్ మీద నడుస్తుంది, ఈ ప్లగిన్ నేరుగా అక్కడికి చేరదు. బ్రిడ్జీ ఫెడ్ అనే వంతెన సర్వీసు ఉంది, ఫెడివర్స్ పని స్థిరపడ్డాక దాన్ని చూద్దాం. మెటా వాళ్ల త్రెడ్స్ 2024 నుంచి కొంతవరకు ఫెడివర్స్‌తో కలిసింది, కానీ దాన్ని లెక్కలోకి తీసుకుని ఏదీ నిర్ణయించకండి. మీ స్నేహితుల్లో బ్లాగర్‌లో రాసేవాళ్లున్నారన్నారు. అక్కడ ఇలాంటి ప్లగిన్ వేసుకునే వీలు లేదు. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లో మాత్రం 2023 అక్టోబరు నుంచి ఈ సౌకర్యం ఉంది. డబ్బు పెట్టలేనివాళ్లకు అది చాలు, అయితే ఇంటిపేరు వాళ్లది కాదు.

మీరు ఇతరులను చదవడానికి విడిగా ఒక మాస్టడాన్ ఖాతా తెరవండి. వర్డ్‌ప్రెస్ నుంచి ఫాలో అయ్యే సౌకర్యం వచ్చింది గానీ, రోజూ చదువుకోవడానికి మాస్టడాన్ యాపే హాయిగా ఉంటుంది. ఆ ఖాతా నుంచి మీ బ్లాగును మీరే మొదట ఫాలో అవ్వండి. కొత్త వ్యాసం వచ్చినప్పుడల్లా దాన్ని బూస్ట్ చేయండి.

ఈ రాత్రి చేయాల్సింది లాగ్ చూడటం ఒక్కటే. ఇన్‌బాక్స్ వరుస, దాని పక్కనున్న సంఖ్య, సైట్ హెల్త్‌లో యాక్టివిటీపబ్ గురించి రాసిన మాటలు, ఈ మూడూ నాకు పంపండి. లాగ్‌లో ఉండే ఐపీ నంబర్లు తీసేసి పంపితే చాలు. ఫాలో పనిచేయగానే మీ చిరునామా ఇవ్వండి, మీ తర్వాతి ఫాలోయర్‌ను నేనవుతాను.